మట్టి మీద కారు: ర్యాలీక్రాస్‌కి సస్పెన్షన్ ఎంచుకోవటం ఎలా?

అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నాక ఆదివారం నాడు కాస్త దుమ్ము రేపి రావాలని అనిపిస్తే, తక్కువ ఖర్చుతో దొరికే ఆట ర్యాలీక్రాస్. రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళే కారుతోనే ఆడవచ్చు. ఐతే ఇందులోకి దిగిన ప్రతివాళ్ళూ రెండో పోటీ అయ్యేసరికి అడిగే ప్రశ్న ఒకటుంది: "నా కారుకి ఏ సస్పెన్షన్ వేయించాలి?" దుకాణంలో అడిగితే ఒక సమాధానం వస్తుంది, పోటీలో పక్కవాణ్ణి అడిగితే ఇంకొకటి వస్తుంది. రెండిటి మధ్యా రెండువేల డాలర్ల తేడా ఉంటుంది.

ఈ వ్యాసంలో ఫలానా బ్రాండు కొనండి అని చెప్పటం నా ఉద్దేశం కాదు. ఏది కొనాలో మీరే లెక్క వేసుకోగలిగేలా చెయ్యటం ఉద్దేశం. భయపడకండి, లెక్కలు ఇంటర్మీడియట్ ఫిజిక్స్ దాటవు.

ఇంతకీ ఏమిటీ ఆట?

ముందు పేరుతో వచ్చే గందరగోళం తీర్చుకుందాం. యూరప్‌లో ర్యాలీక్రాస్ అంటే కొంత తారు, కొంత మట్టి ఉన్న ట్రాక్ మీద కార్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ పరిగెత్తే పందెం. 1967 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని లిడెన్ హిల్‌లో అది మొదలైంది. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్.సి.సి.ఎ.) నడిపే ర్యాలీక్రాస్ వేరు. ఇక్కడ ఒక మట్టి మైదానంలోనో, గడ్డి మైదానంలోనో ప్లాస్టిక్ కోన్లు పెట్టి దారి గీస్తారు. కార్లు ఒక్కొక్కటిగా వెళ్తాయి. పోటీ గడియారంతోనే. కోను పడగొడితే 2 సెకన్లు, గేటు తప్పితే 10 సెకన్లు జరిమానా. మీ వంతు కానప్పుడు మీరు కూడా ఎండలో నిలబడి పడిపోయిన కోన్లు సరిచెయ్యాలి.

సస్పెన్షన్ ఎంపికకి సంబంధించినంత వరకు ఈ ఆటలో మూడు విషయాలు ముఖ్యం. ఒకటి, తారు మీద ఆడే ఆటోక్రాస్‌లో మీ అత్యుత్తమ రన్ ఒక్కటే లెక్క. ఇక్కడ అన్ని రన్‌ల సమయమూ కూడతారు. అంచేత ఒక్కసారి అద్భుతంగా తోలి, తరవాత చక్రం విరగ్గొట్టుకుంటే ఆ రోజుకి సున్నా. రెండు, దారి రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున్న పైన వదులుగా ఉన్న మట్టి మధ్యాహ్నానికి పక్కలకి ఎగిరిపోతుంది, మలుపుల్లో గాళ్ళు పడతాయి, అవి లోతవుతాయి. మూడు, స్టాక్, ప్రిపేర్డ్, మాడిఫైడ్ అని తరగతులుంటాయి; వాటిలో మళ్ళీ ముందు చక్రాల డ్రైవ్, వెనక చక్రాల డ్రైవ్, నాలుగు చక్రాల డ్రైవ్ అని విభాగాలు. మీరు మార్చే ఒక్కో భాగమూ మిమ్మల్ని స్టాక్‌లోంచి పై తరగతిలోకి తోసెయ్యవచ్చు. స్ప్రింగులు మార్చగానే స్టాక్ పోతుంది. కాబట్టి ఏది కొనబోయినా ముందు ఆ సంవత్సరపు రూల్ బుక్ చదవండి. మనం రిక్వైర్‌మెంట్స్ చదవకుండా కోడ్ రాస్తే ఏమవుతుందో తెలుసు కదా, ఇదీ అంతే.

అసలు పని: చక్రాన్ని నేల మీద ఉంచటం

సస్పెన్షన్ దేనికి అంటే చాలామంది "కుదుపులు తెలియకుండా ఉండటానికి" అంటారు. ఎడ్లబండిలో ప్రయాణం చేసినవాళ్ళకి ఆ మాట నిజమే అనిపిస్తుంది. కాని పోటీలో కుదుపు సంగతి ఎవరికీ పట్టదు. కారు తిరగాలన్నా, ఆగాలన్నా, ముందుకు దూకాలన్నా ఆధారం టైరు నేలకి ఆనుకుని ఉండటమే. గాలిలో ఉన్న చక్రం స్టీరింగ్ మాట వినదు, బ్రేకు మాట వినదు. సస్పెన్షన్ మొదటి పని చక్రాన్ని నేల మీద, వీలైనంత సమానమైన బరువుతో, ఉంచటం.

తారు రోడ్డు చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ ఈ పని తేలిక. అక్కడ అసలు సమస్య బాడీ పక్కకి ఒరగటం, టైరు కోణం మారటం. అందుకే ఆటోక్రాస్‌లో కారుని కిందికి దించి, గట్టి స్ప్రింగులు వేసి, లావుపాటి యాంటీ రోల్ బార్లు బిగిస్తారు. మట్టి మీద సమస్య తలకిందులు. గాళ్ళు, గుంటలు, గట్లు ఉన్నచోట చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరమే అసలైన ఆస్తి. దీన్ని ట్రావెల్ అంటారు. మామూలుగా నిలబడి ఉన్న స్థితి నుంచి చక్రం పైకి పోగలిగే దూరం బంప్, కిందికి వేలాడగలిగే దూరం డ్రూప్. ఈ రెండూ కలిస్తే మొత్తం ట్రావెల్.

ట్రావెల్‌ని మన భాషలో బఫర్ అనుకోండి. గుంటలు, గట్లు డేటాలా వచ్చి పడుతుంటాయి. బఫర్ నిండిపోతే అంతకు మించి వచ్చేది నేరుగా బాడీకి తగులుతుంది. రబ్బరు లేదా ఫోముతో చేసిన బంప్ స్టాప్ అక్కడ ఆఖరి కాపలా. దాన్ని కూడా నలిపేస్తే ఆ దెబ్బ స్ట్రట్ మౌంటుకో, కంట్రోల్ ఆర్ముకో పడుతుంది. ఆ క్షణంలో టైరు మీద బరువు ఒక్కసారిగా పెరిగి వెంటనే పడిపోతుంది, పట్టు పోతుంది.

ఈ వ్యాసం మొత్తానికి ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోమంటే అది ఇది: మట్టి మీద ట్రావెల్‌ని తగ్గించే ఏ మార్పుకైనా ముందు అనుమానంతో చూడండి.

కాస్త లెక్క

ఉదాహరణకి ఒక మూల స్ప్రింగు మీద 350 కిలోల బరువు మోస్తున్న చిన్న కారు తీసుకుందాం. స్ప్రింగు కింద ఉన్న చక్రం, బ్రేకు, హబ్ బరువు ఇందులో కలపలేదు. కారుని ఒక మూల నొక్కి వదిలితే అది సెకనుకి కొన్నిసార్లు ఊగుతుంది. దాన్ని సహజ పౌనఃపున్యం అంటాం. మామూలు కుటుంబ కార్లకి అది 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్యలో ఉంటుంది. మన కారుకి 1.4 అనుకుందాం. అంటే చక్రం దగ్గర స్ప్రింగు రేటు మిల్లీమీటరుకి 27 న్యూటన్లు. అమెరికా కొలతల్లో అంగుళానికి సుమారు 155 పౌండ్లు. ఈ కారు బంప్ స్టాప్ తగిలేలోపు 8 సెంటీమీటర్లు కిందికి దిగగలదు అనుకుందాం.

ఇప్పుడు మీరు కారు అందంగా కనబడాలని 3 సెంటీమీటర్లు దించే లోయరింగ్ స్ప్రింగులు వేశారు. 8 సెంటీమీటర్ల బంప్ ట్రావెల్‌లో మిగిలింది 5. ఇదివరకు 8 సెంటీమీటర్లలో మింగగలిగిన దెబ్బనే ఇప్పుడు 5 సెంటీమీటర్లలో మింగాలి. స్ప్రింగు దాచుకునే శక్తి దాని రేటుని బట్టి, నొక్కుకున్న దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 8ని 5తో భాగించి వర్గం చేస్తే 2.56. అంటే కేవలం మూడు సెంటీమీటర్లు దించినందుకు స్ప్రింగు రెండున్నర రెట్లు గట్టిగా ఉండాలి. బజార్లో దొరికే మామూలు లోయరింగ్ స్ప్రింగులు అసలు స్ప్రింగుల కన్నా కొంత శాతం మాత్రమే గట్టిగా ఉంటాయి, రెండున్నర రెట్లు కాదు. ఫలితం ఏమిటి? తారు మీద హాయిగా ఉన్న కారు మట్టి మీద ప్రతి గాడిలోనూ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది.

"సరే, ఐతే నిజంగానే రెండున్నర రెట్లు గట్టి స్ప్రింగులు వేస్తాను" అంటారా? అలా వేస్తే రేటు మిల్లీమీటరుకి 69 న్యూటన్లు అవుతుంది, పౌనఃపున్యం 2.24 హెర్ట్జ్ అవుతుంది. పైకి వచ్చే దెబ్బల సంగతి తీరింది. కాని గుంటల సంగతి చూడండి. చక్రం 5 సెంటీమీటర్ల లోతు గుంట మీదికి వచ్చింది, బాడీ ఇంకా కిందికి దిగే సమయం లేదు. ఆ మూల మీద ఉన్న 350 కిలోల బరువంటే సుమారు 3,430 న్యూటన్లు. మెత్తటి స్ప్రింగు 5 సెంటీమీటర్లు సాగితే 1,350 న్యూటన్లు కోల్పోతుంది. ఇంకా 2,080, అంటే అరవై శాతం బలంతో చక్రాన్ని గుంట అడుగుకి నొక్కుతూనే ఉంటుంది. గట్టి స్ప్రింగు అదే 5 సెంటీమీటర్లలో 3,450 న్యూటన్లు కోల్పోతుంది. ఉన్నదే 3,430! అంటే చక్రాన్ని నొక్కే బలం సున్నా. ఆ చక్రం ఇప్పుడు మీ కారులో ప్రయాణికుడే తప్ప పనివాడు కాదు.

కారు దించటమూ, స్ప్రింగులు గట్టిచెయ్యటమూ మట్టికి పనికిరావు అనటానికి కారణం ఈ లెక్కే. సంప్రదాయం కాదు, ఒకరి అభిప్రాయమూ కాదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ప్రపంచ ర్యాలీ కార్లు గట్టి స్ప్రింగులే వాడతాయి కదా? నిజమే, మామూలు కార్ల కన్నా గట్టివే. కాని వాటి ట్రావెల్ వేరు. 2022లో వచ్చిన ర్యాలీ1 నిబంధనల్లో అనుమతించిన గరిష్ఠ ట్రావెల్ 270 మిల్లీమీటర్లు. అంత బఫర్ ఉన్నవాడు ఏం చేసినా చెల్లుతుంది. పైగా వాళ్ళు గంటకి వంద మైళ్ళ వేగంతో గట్ల మీంచి ఎగురుతారు. మనం చాలా భాగం రెండో గేరులో కోన్ల మధ్య తిరుగుతాం. వాళ్ళ సెటప్ చూసి మనం అనుకరిస్తే పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టే.

ఇంకో చిన్న జాగ్రత్త. పైన చెప్పిన రేటు చక్రం దగ్గరిది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో స్ప్రింగు చక్రానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండిటి మధ్యా తేడా తక్కువ. డబుల్ విష్‌బోన్ ఉన్నచోట స్ప్రింగు లోపలికి ఉంటుంది. చక్రం 10 మిల్లీమీటర్లు కదిలితే స్ప్రింగు 7 మాత్రమే కదిలితే, చక్రం దగ్గరి రేటు స్ప్రింగు రేటులో 0.7 వర్గం, అంటే సగం కన్నా కాస్త తక్కువ. అందుకే ఒక మోడలు వాడు వేసిన స్ప్రింగు నంబరు ఇంకో మోడలుకి అతికించకూడదు.

డబ్బు పెట్టవలసింది డ్యాంపర్ల మీద

స్ప్రింగు శక్తిని దాచుకుని మళ్ళీ తిరిగి ఇచ్చేస్తుంది. దాన్ని వేడిగా మార్చి వదిలించేది డ్యాంపరు. మనం వాడుకలో షాక్ అబ్సార్బర్ అంటాం. స్ప్రింగుకి తగినట్టు డ్యాంపరు ఉండాలి. రేటు 2.56 రెట్లు పెంచితే, ఊగటాన్ని ఇదివరకటిలాగే అదుపులో ఉంచటానికి డ్యాంపరు బలం దాని వర్గమూలం, అంటే 1.6 రెట్లు పెరగాలి. పాత డ్యాంపర్లే ఉంచితే 0.3 ఉన్న డ్యాంపింగ్ నిష్పత్తి 0.19కి పడిపోతుంది. ఒక గట్టు దాటాక కారు రెండు మూడుసార్లు గెంతుతూ పోవటానికి కారణం ఇదే. ఒరిజినల్ డ్యాంపర్ల మీద గట్టి స్ప్రింగులు వెయ్యటం అనే సామాన్యమైన పొదుపు ఎంత ఖరీదైనదో చూడండి.

దీని ఇంకో అర్థం కూడా ఉంది. ఒరిజినల్ స్ప్రింగులు ఉంచి డ్యాంపర్లు మాత్రం మంచివి వేస్తే తక్కువ ఖర్చులో ఎక్కువ లాభం. లక్ష మైళ్ళు తిరిగిన కారుకి డ్యాంపర్లు ఎలాగూ అలిసిపోయి ఉంటాయి. వాటి స్థానంలో మామూలు కొత్తవి వేసినా మీకు వేరే కారు ఎక్కినట్టుంటుంది.

డ్యాంపర్లలో ముఖ్యంగా రెండు రకాలు. ట్విన్ ట్యూబ్ అంటే గొట్టంలో గొట్టం. చవక, మెత్తన, బయటి గొట్టానికి చొట్ట పడినా పని చేస్తుంది. కాని వేడెక్కితే నూనెలో గాలి బుడగలు చేరి నీరసిస్తుంది. మోనో ట్యూబ్‌లో ఒకే గొట్టం. అందులో ఒత్తిడితో ఉన్న గ్యాసుని, నూనెని ఒక తేలే పిస్టన్ విడదీస్తుంది. వేడి తొందరగా బయటికి పోతుంది. ఫ్రాన్స్‌కి చెందిన ద కార్బన్ ఆలోచన ఇది. 1957లో బిల్‌స్టీన్ కంపెనీ మెర్సిడెస్ బెంజ్ కార్లకి దీన్ని పెద్ద ఎత్తున తయారు చెయ్యటం మొదలుపెట్టింది. మట్టి మీద డ్యాంపరు నిమిషంలో వందలసార్లు కదులుతుంది కాబట్టి వేడి నిజమైన సమస్యే. పొద్దున్న బాగున్న కారు ఆఖరి రన్‌లలో తేలిపోతున్నట్టుంటే ముందు అనుమానించవలసింది దీన్నే.

కొనేటప్పుడు చూడవలసిన వివరం ఒకటి. ఒకే కంపెనీలో ఒరిజినల్ ఎత్తుకి ఒకటి, దించిన కారుకి ఒకటి ఉంటాయి. ఉదాహరణకి బిల్‌స్టీన్‌లో బి6 ఒరిజినల్ ఎత్తుకి, బి8 దించిన స్ప్రింగులకి. బి8 పొట్టిగా ఉంటుంది. పేరులో నంబరు పెద్దది కదా అని మట్టి కారుకి బి8 కొంటే డ్రూప్ పోగొట్టుకుంటారు. కె.వై.బి.లో ఎక్సెల్ జి ట్విన్ ట్యూబ్, గ్యాస్ ఎ జస్ట్ మోనో ట్యూబ్. కోనీ పసుపు రంగు డ్యాంపర్లలో రీబౌండ్ మాత్రమే సర్దుకోవచ్చు.

రీబౌండ్ అంటే నొక్కుకున్న చక్రం తిరిగి కిందికి సాగేటప్పుడు డ్యాంపరు చూపించే నిరోధం. దీన్ని గట్టిగా బిగిస్తే తారు మీద కారు చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది. మట్టి మీద మాత్రం ప్రమాదం. గంటకి 54 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి 15 మీటర్లు కదులుతారు. మీటరున్నరకి ఒక గట్టు ఉంటే ఒక గట్టుకీ ఇంకో గట్టుకీ మధ్య సెకనులో పదో వంతే సమయం. ఆలోగా చక్రం పూర్తిగా తిరిగి రాకపోతే తరవాతి గట్టుకి తక్కువ ట్రావెల్‌తో ఎదురెళ్తుంది, ఆ తరవాతిదానికి ఇంకా తక్కువతో. నాలుగైదు గట్లు దాటేసరికి కారు తనంతట తానే కిందికి కూర్చుంటుంది. క్యూలోంచి తీసే వేగం కన్నా చేర్చే వేగం ఎక్కువైతే ఏమవుతుందో అదే. మొదటి గట్టు మెత్తగా, ఐదోది దబ్బున తగిలితే రీబౌండ్ ఒక మెట్టు తగ్గించి చూడండి.

ఎత్తు పెంచాలా?

దించటం చెడ్డదైతే లేపటం మంచిదా? కొంతవరకే. లేపటానికి రెండు పద్ధతులు. స్ప్రింగు కింద స్పేసరు పెడితే కారు లేస్తుంది, బంప్ పెరుగుతుంది, కాని అంతే డ్రూప్ తగ్గుతుంది. మొత్తం ట్రావెల్ మారదు. స్ట్రట్ పైన, బాడీకి బిగించేచోట స్పేసరు పెడితే డ్యాంపరులో బంప్, డ్రూప్ వాటా మారదు, కారు మాత్రం లేస్తుంది. ఐతే ఇరుసు కీళ్ళు ఎక్కువ కోణంలో తిరుగుతాయి, తొందరగా అరుగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యం పల్టీ భయం. చక్రాల మధ్య వెడల్పుని గురుత్వ కేంద్రం ఎత్తుకి రెట్టింపుతో భాగిస్తే వచ్చే సంఖ్య కారు స్థిరత్వానికి ఒక కొలత. అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ పల్టీ రేటింగులకి దీన్నే వాడుతుంది. మామూలు కార్లకి ఇది ఎక్కువగా 1.3 నుంచి 1.5; ఎస్.యు.వి.లకి, పికప్ ట్రక్కులకి 1.0 నుంచి 1.3. వెడల్పు 1.48 మీటర్లు, గురుత్వ కేంద్రం 53 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న కారుకి 1.40 వస్తుంది. దాన్ని 5 సెంటీమీటర్లు లేపితే 1.28. అంటే కారుని తీసుకెళ్ళి ఎస్.యు.వి.ల వరసలో నిలబెట్టారన్నమాట. చదును నేల మీద కారు జారుతుంది కాబట్టి పల్టీ కొట్టదు. పక్కకి జారుతున్న చక్రం లోతైన గాడి అంచుకి తట్టుకుంటేనే ప్రమాదం. మధ్యాహ్నం రన్‌లలో ఆ గాళ్ళే ఉంటాయి. కాబట్టి ఒరిజినల్ ఎత్తు, లేదా ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ. అంతకు మించి వద్దు. ఇంజను కింద భాగానికి దెబ్బ తగులుతుందని భయమైతే దానికి మందు అల్యూమినియం స్కిడ్ ప్లేటు, ఎత్తు కాదు.

టైరు కూడా స్ప్రింగే

సస్పెన్షన్ లెక్కలో చాలామంది మర్చిపోయేది టైరు పక్క గోడ. ఒకే కారుకి సరిపోయే మూడు సైజులు చూడండి. 215/45 ఆర్17 టైరు పక్క గోడ ఎత్తు 97 మిల్లీమీటర్లు. 205/55 ఆర్16కి 113. 195/65 ఆర్15కి 127. బయటి వ్యాసం మూడిటికీ దాదాపు ఒకటే, 625 నుంచి 635 మిల్లీమీటర్లు. అంటే పదిహేడు అంగుళాల చక్రం తీసి పదిహేను వేస్తే, స్ప్రింగు ముట్టుకోకుండానే, 30 మిల్లీమీటర్ల ఎక్కువ రబ్బరు మీకూ రాయికీ మధ్య చేరుతుంది. రిమ్ములు వంగటం కూడా తగ్గుతుంది. బ్రేకు క్యాలిపర్ పడుతుందో లేదో మాత్రం ముందు చూసుకోండి. వాడేసిన మంచు టైర్లు దొరికితే మట్టికి అవి చక్కగా పని చేస్తాయి. గాలి మరీ తగ్గించకండి. గాడి అంచుకి తగిలి టైరు రిమ్ములోంచి ఊడివస్తుంది.

ఏ డ్రైవ్‌కి ఏ సర్దుబాటు?

యాంటీ రోల్ బార్ పని ఎడమ, కుడి చక్రాలని కలిపి ఉంచటం. అది ఒరగటాన్ని తగ్గిస్తుంది కాని, ఒక చక్రం గాడిలో ఉంటే రెండోదాన్ని కూడా కదిలిస్తుంది. మట్టి మీద చక్రాలు ఎవరి పని వారు చేసుకోవటమే మంచిది. ముఖ్యంగా మామూలు డిఫరెన్షియల్ ఉన్న కార్లలో మలుపు లోపలి చక్రం తేలికైతే ఇంజను శక్తంతా దాని గుండా వృథాగా పోతుంది.

ముందు చక్రాల డ్రైవ్ కార్లకి (సివిక్, ఫోకస్, గోల్ఫ్ లాంటివి) ముందు బార్ మెత్తబడితే లాగే చక్రాలు నేల మీదుంటాయి. వెనక బార్ కాస్త గట్టిదైతే వెనక భాగం తేలిగ్గా తిరుగుతుంది. వెనక చక్రాల డ్రైవ్ కార్లకి (మజ్దా మియాటా లాంటివి) దీనికి వ్యతిరేకం: వెనక బార్ మెత్తబరచాలి లేదా విప్పాలి. మియాటాకి ట్రావెల్ అసలే తక్కువ కాబట్టి దాన్ని దించే ఆలోచన చెయ్యకండి. నాలుగు చక్రాల డ్రైవ్ సుబారుల్లాంటివాటికి మొదట్లో ఒరిజినల్ బార్లే చాలు. విప్పటానికి ముందు మీ తరగతి నిబంధన చూసుకోండి. బార్ విప్పిన కారుని హైవే మీద అలాగే నడపకండి. అకస్మాత్తుగా లేను మారవలసి వస్తే దాని నడత మీకు కొత్తగా ఉంటుంది. వీల్ అలైన్‌మెంట్ కూడా అంతే. టో సున్నాకి దగ్గరగా ఉంచండి. వెనక టో అవుట్ పెడితే మట్టి మీద కారు చక్కగా తిరుగుతుంది, వాన పడిన హైవే మీద కూడా అలాగే తిరుగుతుంది!

మార్పు పని చేసిందో లేదో తెలిసేదెలా?

మన వృత్తి ఇక్కడ పనికొస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, రాసుకోండి. డ్యాంపరు రాడ్ కనబడే కార్లలో దానికి ఒక సన్నటి జిప్ టై కట్టి కిందికి తొయ్యండి. రన్ అయ్యాక అది ఎక్కడ ఆగిందో చూస్తే ఎంత బంప్ వాడారో తెలుస్తుంది. ప్రతి రన్‌లోనూ బంప్ స్టాప్ దాకా పోతుంటే ట్రావెల్ చాలటం లేదు. ఎప్పుడూ సగం కూడా దాటకపోతే కారు మరీ గట్టిగా ఉంది. రోజు మొత్తంలో ఒకటి రెండుసార్లు చివరిదాకా వెళ్తే సరిగ్గా ఉన్నట్టు.

సమయాలతో మాత్రం జాగ్రత్త. మూడో రన్ కన్నా నాలుగోది రెండు సెకన్లు తగ్గిందంటే అది మీ కొత్త సెట్టింగు ఘనత కాకపోవచ్చు. పైన వదులు మట్టి ఎగిరిపోయి గట్టి నేల బయటపడి ఉండవచ్చు. మీలాంటి కారుతో, ఏమీ మార్చకుండా తోలుతున్న ఒకరిని ఎంచుకుని, వాళ్ళకీ మీకూ ఉన్న తేడా ఎలా మారుతోందో చూడండి. కంట్రోల్ గ్రూప్ లేని ప్రయోగానికి విలువ లేదు కదా.

ఖర్చు వరస

మీ దగ్గర ఒకే కారుండి, సోమవారం పొద్దున్న అదే కారులో ఆఫీసుకి వెళ్ళాలంటే నేను చెప్పే వరస ఇది.

1. ముందు ఉన్నవాటిని పరీక్ష చేయించండి: బాల్ జాయింట్లు, బుష్‌లు, స్ట్రట్ మౌంట్లు, బంప్ స్టాప్‌లు. అరిగినవి మార్చండి.
2. చిన్న రిమ్ములు, ఎత్తు పక్క గోడ ఉన్న టైర్లు.
3. ఒరిజినల్ ఎత్తుకి తయారైన మంచి డ్యాంపర్లు, కొత్త బంప్ స్టాప్‌లతో సహా.
4. స్కిడ్ ప్లేటు, మీ తరగతి ఒప్పుకుంటే.
5. బార్లు, అలైన్‌మెంట్ సర్దుబాటు.
6. స్ప్రింగులు ఆఖర్న. అప్పటికి ఎంత ట్రావెల్ వాడుతున్నారో కొలతలు మీ దగ్గరుంటాయి కాబట్టి ఎంత రేటు కావాలో ఊహించక్కర్లేదు.

మొదటి మూడూ వందల డాలర్లలో తేలే పనులు. మట్టి కోసమే చేసిన కాయిలోవర్ సెట్లు వేల డాలర్లు. అవి కొనటానికి ముందు రెండు మూడు సీజన్లు ఆడండి. తారు కోసం చేసిన చవక కాయిలోవర్లు మాత్రం ఎంత తగ్గింపు ఇచ్చినా వద్దు. ట్రావెల్ తక్కువ, స్ప్రింగు గట్టి, పైన లెక్కలో చూసిన రెండు దోషాలూ ఒకే పెట్టెలో వస్తాయి.

ఆఖరుగా ఒక మాట. చాలా ఇన్స్యూరెన్స్ పాలసీలు సమయంతో కొలిచే పోటీల్లో జరిగిన నష్టాన్ని కట్టవు. పాలసీ కాగితం తీసి చదవండి. స్నెల్ ధ్రువీకరణ ఉన్న హెల్మెట్ తీసుకోండి. ట్రంకులోంచి పిల్లల సైకిలు, డ్యాష్‌బోర్డు మీద వినాయకుడు, సీటు కింద నీళ్ళ సీసా అన్నీ దించెయ్యండి. ఊడిన వస్తువుతో స్టార్టు లైను దగ్గరికి వెళ్ళనివ్వరు. పోటీ అయ్యాక ఇంటికి బయల్దేరేముందు చక్రాల నట్లు టార్కు రెంచితో మళ్ళీ బిగించి, నాలుగు స్ట్రట్లూ నూనె కారుతున్నాయేమో చూడండి. ఐదు నిమిషాల పని. డెబ్భై మైళ్ళ వేగంతో ఇంటర్‌స్టేట్ మీద తెలియటం కన్నా మైదానంలో తెలియటం నయం.